లైసెన్సు వచ్చేదాకా

మార్చి 3, సోమవారం

ఇవాళ మొదటిసారి బూతు లేని మాటను కోశాను.

తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో ఆ ఎర్ర బటన్‌ను నేను నొక్కింది ఆరంటే ఆరుసార్లు. ఆరుగురూ పొద్దున్నే పూటుగా తాగి ఫోను చేసినవాళ్ళు. మా రేడియోలో ఫోన్ల ప్రోగ్రాం అప్పటికప్పుడు బయటికి పోదు. అన్న మాట ఏడు సెకన్లు యంత్రంలో ఆగి, ఆ తర్వాతే ఊళ్ళోకి వెళ్తుంది. ఆలోగా నేను బటన్ నొక్కితే ఆ మాట ఊరికి వినపడదు, దాని బదులు పాట వస్తుంది. ఫోన్లో ఉన్న మనిషికి ఈ సంగతి తెలియదు. ప్రోగ్రాం నడిపే పిన్నితో మాట్లాడుతూనే ఉంటారు. ఇంట్లో రేడియో కట్టేసి మాట్లాడండి అని లైను కలిపే ముందు నేనే చెప్తాను కదా. ఇదంతా ఎవరికి విడమర్చి చెప్తున్నానో! నొక్కిన చెయ్యీ నాదే, రాస్తున్న చెయ్యీ నాదే.

ఇవాళ్టి మనిషి బస్సు డ్రైవరు. కొత్త రోడ్డు మూడు నెలలకే లేచిపోయిందనీ, వేసిన కాంట్రాక్టరు మంత్రిగారి బావమరిది అనీ అన్నాడు. ఊళ్ళో పాలు పోసేవాడికి కూడా తెలిసిన ముక్క. అయినా నొక్కాను. అద్దానికి అవతల మైకు ముందు కూర్చున్న పిన్ని ఎర్ర లైటు చూసి, తర్వాత నన్ను చూసింది. నేను హెడ్‌ఫోన్ తీగ సర్దుకుంటూ కూర్చున్నాను.

పోయిన వారం మా స్టేషన్ ఓనరుగారు అన్నారు: "లైసెన్సు వచ్చేదాకా కాస్త చూసుకోవయ్యా." ఏం చూసుకోవాలో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు.

మార్చి 4, మంగళవారం

భోజనాల దగ్గర మామయ్యగారు అడిగారు. "నిన్న ఆ డ్రైవరు మాట మధ్యలో ఊడిపోయి పాటొచ్చిందే. ఏమైంది అల్లుడుగారూ?"

"లైను పోయిందండీ."

ఆయన ముప్పై రెండేళ్ళు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. లైను పోతే ఎలా ఉంటుందో ఆయనకి నేను చెప్పడం! ఓహో అని ఊరుకున్నారు. మా ఆవిడ మాత్రం నవ్వింది. "పాట బాగుంది లెండి నాన్నా, మీకెప్పుడూ ఎవరో ఒకరి గొడవ కావాలి."

మార్చి 6, గురువారం

ఓనరుగారితో లైసెన్సు ఆఫీసుకి వెళ్ళాను. మూడో అంతస్తు, లిఫ్టు పనిచేయదు. వరండాలో బెంచీ మీద గంటన్నర. పాత లైసెన్సు డిసెంబరుతో అయిపోయింది. అప్పట్నుంచి నెల నెలా తాత్కాలిక అనుమతి కాగితం మీద బతుకుతున్నాం. ఏ నెలకానెల ఊపిరి.

ఆఫీసరుగారు చాలా మర్యాదస్తుడు. లేచి నిలబడి కుర్చీలు చూపించాడు.

"మావైపు నుంచి ఏ ఇబ్బందీ లేదండీ. ఫైలు నడుస్తోంది."

"ఏమైనా మార్చుకోవాలంటే చెప్పండి సార్, మార్చుకుంటాం," అన్నారు ఓనరుగారు.

"అయ్యో, మేమెందుకు చెప్తాం? ఏది వెయ్యాలో, ఏది వెయ్యకూడదో పూర్తిగా మీ ఇష్టం. మేము దేన్నీ వద్దనం. ఎప్పుడైనా అన్నామా?"

నిజమే, ఎప్పుడూ అనలేదు. పక్క ఊరి స్టేషన్‌తో కూడా అనలేదు. వాళ్ళ టవరు ఎత్తులో తేడా ఉందని తలుపులకి సీలు వేసి వెళ్ళారంతే. ఆ టవరు పదిహేనేళ్ళుగా అంతే ఎత్తులో ఉంది.

మెట్లు దిగుతూ ఓనరుగారు నా భుజం మీద చెయ్యి వేశారు. "పదకొండు మంది బతుకుతున్నాం దీని మీద. అది గుర్తుపెట్టుకో, చాలు." బొటనవేలితో గాల్లో బటన్ నొక్కినట్టు చూపించి నవ్వారు. నేనూ నవ్వాను. అలా నవ్వి ఉండాల్సింది కాదు.

మార్చి 10, సోమవారం

ఇవాళ ఏమీ కోయలేదు. ఒకటి కోశాను గానీ అది లెక్కలోకి రాదు, ఆయన మరీ సాగదీస్తున్నాడు.

మార్చి 14, శుక్రవారం

నాలుగు.

బడి పైకప్పు గురించి ఒకావిడ. కుళాయి గురించి ఒకాయన. ఇంకొకాయన "నేనెవర్నీ ఏమీ అనట్లేదు గానీ" అని మొదలుపెట్టాడు. ఆ "గానీ" దగ్గరే నొక్కేశాను. తర్వాత ఆయన ఏమన్నాడంటే, ఎవర్నీ ఏమీ అనట్లేదు గానీ పిన్ని గొంతు ఈమధ్య డల్లుగా ఉంటోంది, ఆరోగ్యం చూసుకోమనండి అన్నాడు. పిన్ని అతనికి థాంక్స్ చెప్పింది. ఊరు మాత్రం పాట వింది.

ఎవరైనా గొంతు సవరించుకుంటే చాలు, చెయ్యి బటన్ మీదికి పోతోంది. ఇది జాగ్రత్త. భయం కాదు. భయమైతే చెయ్యి వణకాలి కదా, వణకట్లేదు.

మార్చి 19, బుధవారం

ఇంటికి వెళ్తే రేడియో కట్టేసి ఉంది. మామయ్యగారు పేపరు చదువుకుంటున్నారు. పొద్దున్న ప్రోగ్రాం విన్నారా అని అడగబోయి ఆగిపోయాను.

మార్చి 26, బుధవారం

ఇది రాయకుండా ఉండలేను, రాయాలనీ లేదు.

ఎనిమిదీ ఇరవైకి ఒకావిడ ఫోను. నేనే ఎత్తాను. గొంతు చాలా నిదానంగా ఉంది. ముందు పేపరు మీద రాసుకుని మాట్లాడుతున్నట్టుంది.

"పేరు చెప్పాలా సార్?"

"అక్కర్లేదండీ. మీ దగ్గర రేడియో ఉంటే కట్టేయండి. నంబరు మాత్రం ఇవ్వండి, మా దగ్గరే ఉంటుంది, ఎవరికీ ఇవ్వం."

ఇచ్చింది. కలిపాను. పిన్ని పలకరించింది. ఆవిడ మొదలుపెట్టింది: "అమ్మా, నేను సర్కారు మందుల గోడౌన్లో చేస్తాను. సిరప్ సీసాల సెక్షన్, రెండో బల్ల. పిల్లల జ్వరం మందు డేటు అయిపోయినవి పాత స్టిక్కరు పీకి కొత్త స్టిక్కరు వేస్తున్నాం..."

నొక్కాను. "వేస్తున్నాం" అనకముందే నొక్కానేమో. ఊళ్ళోకి పాట వెళ్ళిపోయింది. లోపల ఆవిడ చెప్తూనే ఉంది. రోజుకి ఎన్ని పెట్టెలో, ఎవరు తెచ్చి బల్ల మీద పెడతారో, సూపర్‌వైజరు ఏమంటాడో, పిల్లల వార్డుకి ఏ బండిలో వెళ్తాయో చెప్పింది. తన చేత్తోనే అంటించానని చెప్పింది. ఆ మాట దగ్గర ఒకసారి ఆగి, గుటక వేసి, మళ్ళీ చెప్పింది. రెండు నిమిషాల పది సెకన్లు. అద్దం అవతల పిన్ని కదలకుండా వింది. ఏం చేస్తుంది, మధ్యలో ఆపితే ఆవిడకి తెలిసిపోతుంది కదా.

చివర ఆవిడ, "ఇంతే అమ్మా, అందరికీ తెలియాలని చేశాను, థాంక్స్ అమ్మా" అని పెట్టేసింది.

లైసెన్సు కోసం కాదు. ఆధారం లేని మాట. రేపు ఎవరైనా కేసు వేస్తే? నేను ఆవిడ మంచికే చేశాను. వెళ్ళి ఉంటే ఆవిడ ఉద్యోగం పోయేది.

ఆవిడ మంచికే.

మార్చి 27, గురువారం

టీ దగ్గర పిన్ని పట్టుకుంది. ప్రోగ్రాం పేరు 'పిన్నితో పొద్దున్నే' కాబట్టి ఊరంతా ఆవిణ్ణి పిన్ని అనే అంటుంది, నేనూ అంతే. ఆవిడ మాత్రం నన్ను సొంత పిన్నిలాగే కడిగేస్తుంది.

"ఒరే, నిన్న ఆవిడ థాంక్స్ చెప్పింది. ఎవరికి చెప్పినట్టు?"

"లైసెన్సు వచ్చేదాకానే పిన్నీ."

"వచ్చాక?"

"వచ్చాక మనిష్టం. ఆవిడకే ఫోను చేసి పిలుద్దాం. నంబరుంది."

"ఈలోగా పిల్లలకి జ్వరాలు రాకుండా ఆగుతాయా?"

ఆవిడ తన గ్లాసు తను కడుక్కుని వెళ్ళింది. నాకు కోపం వచ్చింది. ఆవిడ ముందు మైకు లేదా? ఆవిడే చెప్పొచ్చుగా? బటన్ నా దగ్గరుందంటే అందరి పాపం నేనే మొయ్యాలా?

చెప్పినా నేను కోసేవాణ్ణి. అది ఆవిడకీ తెలుసు.

ఏప్రిల్ 2, బుధవారం

ఆవిడ మళ్ళీ చేసింది. ప్రోగ్రాం అయిపోయాక, ఆఫీసు నంబరుకి. నేనే ఎత్తాను. ఎందుకు ఎత్తానో!

"పోయిన బుధవారం మాట్లాడాను సార్, మందుల గోడౌన్. దాని గురించి ఎవరైనా ఫోను చేశారా? ఏమైనా అడిగారా?"

"ఇంకా ఎవరూ చెయ్యలేదండీ."

"ఒక్కరూ?"

"లేదండీ."

"అందరూ వినే టైమే కదా సార్ అది."

"వినే టైమేనండీ."

"సరే సార్, మీరేం చేస్తారు, మీరు వేశారు" అంది.

ఇది రాయగానే పేజీ చించేద్దామనుకున్నాను. చించలేదు. ఉండనీ.

ఏప్రిల్ 9, బుధవారం

లైసెన్సు ఆఫీసు నుంచి ఉత్తరం. గడిచిన తొంభై రోజుల ప్రసారాల రికార్డింగులు దాఖలు చెయ్యాలట. ఓనరుగారికి చెమటలు పట్టాయి. నాకు మాత్రం హాయిగా ఉంది. వెతుక్కోనీ! అనుమానం వచ్చిన ముక్కనల్లా కోసి పారేశాను కదా, వాళ్ళకేం దొరుకుతుంది?

"ఇదిగో, ఇందుకే చెప్పింది నీకు," అన్నారు ఓనరుగారు. చాలారోజుల తర్వాత నన్ను చూసి నవ్వారు.

రికార్డింగుల పని నాదే. కిందటి ఏడు చేసినవాటిలో జుయ్యిమని ఒకటే రొద. డిసెంబరులో నేనే కొత్త తీగ లాగి బాగుచేశాను. ఇప్పుడు పిన్ని పేజీ తిప్పిన చప్పుడు కూడా వినపడుతుంది. రోజు రోజుకీ చీటీ రాసి, వరసలో పెట్టి, డిస్కు పెట్టెలో సర్ది, చేతులారా తీసుకెళ్ళి ఇచ్చి వచ్చాను. రసీదు రాసిన గుమాస్తా, ఇంత పద్ధతిగా ఎవరూ ఇవ్వలేదన్నాడు. సంతోషం వేసింది. దాచుకోవడమెందుకు, చాలా సంతోషం వేసింది.

ఏప్రిల్ 22, మంగళవారం

వచ్చింది! పదేళ్ళకి! తాత్కాలికం కాదు, అసలైంది. ఓనరుగారు ఒక్కొక్కర్నీ కౌగిలించుకున్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు. పదకొండు ఇళ్ళు నిలబడ్డాయి. మా ఆవిడకి ఫోను చేస్తే, "అయితే ఇక మీరు నిద్రలో పళ్ళు కొరకడం మానేస్తారన్నమాట," అంది. కొరుకుతున్నానని నాకు తెలియదు.

పిన్ని కూడా నవ్వింది. "మరి ఆవిడకి ఫోను చేద్దామా?" అంది.

"ఇప్పుడే కదా పిన్నీ వచ్చింది, ఈ నాలుగు రోజులు పోనీ."

ఏప్రిల్ 23, బుధవారం

ఇవాళ కూడా ఒకటి కోశాను. లైసెన్సు వచ్చిందన్న కబురు నా వేలికి ఇంకా అందినట్టు లేదు.

ఏప్రిల్ 24, గురువారం

లైసెన్సు కాగితం తెచ్చుకోవడానికి వెళ్ళాం.

ఓనరుగారు లోపల సంతకాలు పెడుతుంటే ఆఫీసరుగారు నన్ను వరండాలోకి పిలిచాడు. సొంత తమ్ముడి చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"మీ రికార్డింగులు నేను స్వయంగా విన్నానండీ. ఎంత క్లియర్‌గా ఉన్నాయో! ముఖ్యంగా ఆ గోడౌన్ ఆవిడది. రెండో బల్ల అని కూడా స్పష్టంగా వినపడింది. సంబంధించిన వాళ్ళకి వెంటనే పంపేశాం. ఊళ్ళో ఆ టైముకి పాటే వినపడిందని మావాళ్ళు చెప్పారు. ప్రసారం మాత్రం చెయ్యకుండా, మా దాకా తెచ్చారు చూశారా... ఆ బాధ్యత ఎంతమందికి ఉంటుంది? మీ సహకారం మర్చిపోం."

"ఏ గోడౌన్ సార్?" అన్నాను.

ఆయన నవ్వాడు. నేను తెలివిగా తెలియనట్టు నటిస్తున్నాననుకున్నాడు. భుజం తట్టాడు.

మెట్లు ఎలా దిగానో తెలియదు. ఓనరుగారు ఏదో మాట్లాడుతున్నారు. ఆయన పెదాలు కదులుతున్నాయి, అంతే.

ఏప్రిల్ 25, శుక్రవారం

అందరూ భోజనాలకి వెళ్ళాక రికార్డరు బల్ల కిందకి దూరి చూశాను.

పాత పద్ధతిలో రికార్డరు పక్కన చిన్న రేడియో ఉండేది. బయటికి వెళ్ళిన మన ప్రసారాన్నే పట్టి రికార్డు చేసేది. అందుకే రొద. ఆ రేడియో తీసేసి, డిసెంబరులో నేను స్టూడియో బల్ల నుంచే నేరుగా తీగ లాగాను. శబ్దం శుభ్రంగా ఉంటుందని. స్టూడియో బల్ల నుంచి! అంటే ఏడు సెకన్ల యంత్రానికి ముందు. బటన్‌కి ముందు. నేను కోసిందేదీ రికార్డింగులో తెగలేదు. అప్పట్లో కోతలే లేవు కాబట్టి ఆ తేడా నా బుర్రకి తట్టలేదు. సౌండు ఇంజనీరునట నేను.

ఊరు వినకుండా నేను కోసిన ప్రతి మాటా, ఎవరు వినకూడదో వాళ్ళు కూర్చుని తీరిగ్గా విన్నారు. నా చేతిరాతతో తేదీలు వేసి, నేనే మోసుకెళ్ళి, రసీదు తీసుకుని వచ్చాను.

మార్చి 26 నాటిది పెట్టుకుని విన్నాను. ఒక్క అక్షరం పోలేదు. ఆవిడ గుటక వేసింది కూడా ఉంది.

ఆవిడ నంబరుకి చేసి, గోడౌన్లోనే చేస్తున్నారా అని అడిగాను. "ఉద్యోగం తీసేశారండీ, పదిహేనో తారీఖున," అంది. నేను ఎవరో చెప్పకుండా పెట్టేశాను.

ఏప్రిల్ 26, శనివారం

ఇంట్లో చెప్పాను. చెప్పాలని కాదు, మా ఆవిడ నా ముందు నుంచి పళ్ళెం తీసి పక్కన పెట్టి, "చెప్పండి" అంది. మొత్తం కక్కేశాను. తల ఎత్తలేదు.

ఆవిడ ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. "రెండేళ్ళ కిందట మన బుజ్జిదానికి జ్వరమొస్తే ఆ మందే కదా తాగించాం," అంది.

మామయ్యగారు అప్పటిదాకా గుమ్మం దగ్గరే ఉన్నట్టున్నారు. "నాకు మార్చిలోనే తెలుసు అల్లుడుగారూ. నిజంగా లైను పోతే పాట మొదట్నుంచి వేస్తారుగా, ఇది ఎప్పుడూ మధ్యలోంచి మొదలయ్యేది."

"మరి అడగలేదేం?"

"అడిగాను కదా. లైను పోయిందన్నారు."

ఏప్రిల్ 28, సోమవారం

ఆవిడ ఇంటికి వెళ్ళాను. నంబరు ఇస్తే మామయ్యగారు పాత ఎక్స్‌ఛేంజి వాళ్ళని అడిగి అడ్రసు కనుక్కున్నారు.

బస్టాండు వెనక సందు, మేడ మీద ఒక గది. కింద వాటాలో ఆవిడ అక్క ఉంటుంది. మెట్లెక్కుతుంటే కింద రేడియో మోగుతోంది, మా స్టేషనే. ఆవిడ నలభై దాటిన మనిషి. చేతి వేళ్ళ చివర్లు గరుకుగా ఉన్నాయి, స్టిక్కర్ల జిగురు వల్లనేమో. రేడియో నుంచి వచ్చానని చెప్పగానే కుర్చీ మీద బట్టలు తీసి కూర్చోమంది. అంత మర్యాద చేస్తుంటే కూర్చోలేకపోయాను. నిలబడే చెప్పాను. బటన్ గురించీ, తీగ గురించీ, ఎవరూ ఫోను చెయ్యలేదని చెప్పిన అబద్ధం గురించీ.

నేను ఊహించుకున్న మాటలేవీ ఆవిడ అనలేదు.

"అంటే మా అక్క వినలేదా?"

"లేదండీ. రేడియోలో పాట వచ్చింది."

"ఆ రోజు విన్నావా అని అడిగితే విన్నానంది. ఎలా ఉంది అంటే, బాగానే ఉంది అంది. నువ్వేమీ అనవేంటే అంటే, ఏమనాలే, పాటేగా అంది. వెక్కిరిస్తోందనుకున్నాను. నెల రోజులైంది దానితో మాట్లాడి."

మంచం మీద కూర్చుండిపోయింది.

"అందరూ విని ఊరుకున్నారనుకున్నాను. బస్సులో ఎవరి మొహం చూసినా అసహ్యం వేసింది. పక్కింటావిడ పలకరిస్తే పలకలేదు. వీళ్ళకి పిల్లల్లేరా అనుకున్నాను. వాళ్ళకసలు తెలియనే తెలియదు, పాపం." అప్పుడు నా వైపు చూసింది. "ఉద్యోగం పోతుందని నాకు ముందే తెలుసు. దానికి సిద్ధపడే చేశాను. ఇది మాత్రం... ఇది మీరు చాలా అన్యాయం చేశారండీ."

"మీరు మళ్ళీ ఒకసారి ఫోను చేస్తే ఈసారి కోయను. ఒట్టు."

"నేనొకసారి చెప్పాను కదా. మళ్ళీ నేనెందుకు చెప్పాలి? రికార్డు ఉందన్నారుగా. బాగా వినపడుతుందా?"

"చాలా బాగా వినపడుతుందండీ."

"అయితే అది వెయ్యండి. పేరు కూడా చెప్పండి. తెలియకూడని వాళ్ళకి ఎలాగూ తెలిసిపోయింది, తెలియాల్సిన వాళ్ళకే తెలియలేదు."

దిగి వస్తుంటే వెనకే ఆవిడ కూడా దిగింది. కింద వాటా తలుపు కొట్టింది. "అక్కా," అంది. నేను ఆగకుండా సందు దాటేశాను.

ఏప్రిల్ 29, మంగళవారం

రేపు వేస్తాను.

ఏప్రిల్ 30, బుధవారం

ఓనరుగారికి ముందు చెప్పడం న్యాయం అనిపించింది. చెప్పాను.

"ఇప్పుడే కదయ్యా వచ్చింది," అన్నారు. అచ్చు నా మాటే.

"పదేళ్ళకిచ్చారు కదండీ. ఇప్పుడు కాకపోతే ఎప్పుడు?"

"పదేళ్ళకిచ్చిన వాళ్ళు పది నిమిషాల్లో తీసుకోలేరా? టవరు కొలవడానికి ఎంతసేపు పడుతుంది?" ఆయన్ని చూస్తే కోపం రాలేదు, జాలి వేసింది. అద్దంలో నన్నే చూస్తున్నట్టుంది. "నాకు తెలియకుండా చెయ్యి, చేస్తే. నాకు మాత్రం చెప్పకు," అన్నారు చివరికి.

మే 1, గురువారం

సెలవు. రేపు.

మే 2, శుక్రవారం

వెయ్యలేదు. డిస్కు పెట్టాను, తీశాను. ఎనిమిదీ ఇరవై అయింది, ఇరవై ఒకటి అయింది, పిన్ని అద్దంలోంచి చూస్తోంది, నేను పాట వేశాను. మనిషి పుట్టుక పుట్టి ఇంత పిరికితనమా! ఎవరూ నా పీక మీద కత్తి పెట్టలేదు. ఎవరూ వద్దనలేదు కూడా.

మే 5, సోమవారం

వేశాను.

ఎనిమిదీ ఇరవైకి పిన్ని మైకులో చెప్పింది. మందుల గోడౌన్లో పనిచేసిన ఒకావిడ మాట వినండి అని ఆవిడ పేరు చెప్పింది, ఇంటిపేరుతో సహా. తర్వాత నా వైపు చెయ్యి చూపించింది. నేను మీట నొక్కాను. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను, చిన్నప్పుడు బళ్ళో కదలకుండా కూర్చోమంటే కూర్చున్నట్టు. నా చేతుల మీద నాకు నమ్మకం లేదు. రెండు నిమిషాల పది సెకన్లు. ఆవిడ గొంతు ఊళ్ళోకి వెళ్ళింది. స్టిక్కర్లు, పెట్టెలు, బండి, సూపర్‌వైజరు, గుటక, అన్నీ వెళ్ళాయి. థాంక్స్ అమ్మా కూడా వెళ్ళింది.

ఒక నిమిషం ఏమీ లేదు. తర్వాత ఫోన్లు ఒక్కసారిగా వెలిగాయి. మొదటి లైను ఓనరుగారిది, దాన్ని వదిలేశాను. రెండోది ఎత్తి కలిపాను. ఎవరో చిన్న వయసు తల్లి. వెనక పసిపిల్ల ఏడుపు వినపడుతోంది.

"పిన్నీ, ఆవిడ ఇది ఎప్పుడు చెప్పింది?"

పిన్ని అద్దంలోంచి నన్ను చూసింది.

"ఇవాళ చెప్పిందా? రికార్డు చేసినట్టుందే. ఎప్పటిది?"

పిన్ని తన మైకు పక్కకి తిప్పేసింది. ఇక నేనే చెప్పాలి. నా బల్ల మీద ఉన్న మైకులో నేను ఇంతవరకూ ఊరితో మాట్లాడలేదు. తెరిచాను.

"మార్చి ఇరవై ఆరున చెప్పిందండీ."

"మార్చిలోనా?" అంది. లెక్క వేసుకుంటున్నట్టుంది. "మా పాపకి ఆ మందు ఏప్రిల్లో తెచ్చాం. పద్దెనిమిదిన. జ్వరం దిగక, ఇంకా ఎక్కువ పట్టమన్నారు, ఇంకా ఎక్కువ పట్టాం. ఆరు రోజులు వార్డులో ఉంది. మార్చిలో చెప్తే మరి మాకెందుకు వినపడలేదు? నేను రోజూ వింటాను కదా."

"నేను కోశానండీ," అన్నాను. "ఆవిడ చెప్తుంటే నేను బటన్ నొక్కాను. మీకు పాట వచ్చింది."

పసిపిల్ల ఏడుపు కాసేపు వినపడింది. ఎవరో ఎత్తుకున్నట్టున్నారు, అదీ ఆగింది. తర్వాత ఆమె ఫోను పెట్టేసింది.

మూడో లైను వెలుగుతోంది. ఎత్తాను.